మేళమోళ్ల బంతి

ఇందులో రాసేదంతా నిజం. అక్షరం పొల్లుపోని నిజం. కండ్ల మీద ఒట్టు వేద్దామంటే వాటి మీద ఇప్పటికే చాలా ఒట్లు వేసి ఉన్నాను. ఒకదానికి పొర కూడా వచ్చింది. అందుకని ఈసారి నా పై వరస పళ్ల మీద ఒట్టు. సన్నాయి ఊదేవాడికి పళ్లకంటే పెద్ద ఆస్తి లేదు. అవి ఊడిన రోజున పెదవుల మధ్య పీక నిలవదు, పీక నిలవకపోతే బతుకు నిలవదు. నన్ను ఎరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారు. నవ్వనీయండి. నల్లమలలో తోడేలు నాతోపాటు ఒకే కంబళి కప్పుకుని పడుకుందని నేను చెప్పిన మాట వేరు, ఈ మాట వేరు.

రాయడానికి కారణం కోపం. పోయిన వారం ఒక పెండ్లిలో పొద్దు పొడవకముందు నుంచి మిట్టమధ్యాహ్నం దాకా ఊదాను. తాళి కట్టే వేళకు నేను తీసిన రాగానికి పెండ్లికూతురు తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతా అయ్యాక, కడుపులో పేగులు అరుస్తుంటే, బంతిలో ఒక ఆకు ముందు కూర్చోబోయాను. ఇస్త్రీ చొక్కా కుర్రవాడొకడు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“మేళమోళ్లు ఇప్పుడు కాదప్పా. చివరి బంతి మీది.”

మర్యాదగానే అన్నాడు. అదే నా ఒళ్లు మండించింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ని. నేను ఏ ఇంట్లో పుట్టానో వాడికి తెలియదు. తెలిస్తే లేచి నిలబడి నెయ్యి వేసేవాడేమో! అది తలచుకుంటే ఇంకా మండింది. తినకుండానే బస్సెక్కాను. బస్సు కదిలేలోపల మా ఇంటి పశువుల కొట్టం వాసన నా ముక్కుకు వచ్చి తగిలింది.

మాది కర్నూలుకూ కడపకూ నడుమ నల్లరేగడి ఊరు. తెల్లదొరలు పోయి ఎన్నో ఏండ్లు కాలేదు. కర్నూలు రాజధాని అయిందట, గుడారాలు వేసి కచేరీలు పెట్టారట అని మా పంచలో పెద్దవాళ్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. నాకు పన్నెండేండ్లు. నాకు రాజధానితో పనేముంది? నాకు కావలసింది ఒక్కటే, సన్నాయి.

పత్తి తీసిన తర్వాత, ఎండలు ముదరకముందు, దూదేకే తాత మా ఇంటికి వచ్చేవాడు. పరుపులకూ బొంతలకూ పత్తి ఏకడం ఆయన పని. పంచలో గొంతుక్కూర్చుని ఏకే వింటినారిని మీటితే టంగు టంగుమని ఇల్లంతా మోగేది. దూది పొగలాగా లేచి మా జేజి తల మీదా, కుక్క వీపు మీదా, ఎండబెట్టిన వడియాల మీదా వాలేది. పత్తిగింజల వాసన, తాత ఒంటి ఆముదం వాసన, పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన, ఈ మూడూ కలిస్తే నాకు అది పండగ వాసన. తాతకు దాహమైతే మా జేజి, అంటే మా నాయన తల్లి, చెంబెత్తి రెండు జానల ఎత్తు నుంచి ఆయన దోసిట్లో నీళ్లు వంచేది. సగం నీళ్లు మోచేతుల మీదుగా నేలపాలయ్యేవి. అది ఏదో ఆట అనుకునేవాణ్ని. చెంబు తగలకుండా తాగడం నేర్చుకోవాలని బావి దగ్గర నేనూ అట్లా తాగి చొక్కా తడుపుకున్నాను.

ఆ తాతే పెండ్లిళ్లలో, దేవుడి ఊరేగింపుల్లో సన్నాయి ఊదేవాడు. ఆ సాయిబు ఊదితే తప్ప మా ఊరి రాములవారు గుడి గడప దాటరు. రాములవారు దాటి వచ్చిన ఆ గడపను సాయిబు మాత్రం దాటి లోపలికి పోకూడదు. ఇందులో తప్పేముందని ఊళ్లో ఒక్కరికీ తోచలేదు. చదువుకున్న కరణానికి తోచలేదు, వేదం చెప్పిన పూజారికి తోచలేదు. పన్నెండేండ్ల నాకు తోచిందని చెప్పను. నాకూ తోచలేదు.

ఒక ఊరేగింపులో నేను చేసిన పని చెబుతాను. ఊదేవాడి ఎదురుగా పచ్చి చింతకాయ కొరికితే నోరూరి పాట ఆగిపోతుందని ఎవరో చెప్పారు. తాత ముందుకు పోయి నిలబడి, మూతి వంకర చేసి, టకటకమని నాలుక చప్పుడు చేస్తూ చింతకాయ నమిలాను. ఆయన నోట్లో నీళ్లూరాయి. గడ్డం మీదుగా కారాయి. చొక్కా బొత్తాల దాకా తడిసింది. పాట మాత్రం ఆగలేదు. నా కండ్లలోకే చూస్తూ, నన్ను వెక్కిరిస్తున్నట్టు స్వరాన్ని ఒక మెలిక తిప్పి పైకి తీసుకుపోయి అక్కడ వదిలేశాడు. నా నోట్లో చింతకాయ అట్లాగే ఉండిపోయింది. పల్లకి దించాక వచ్చి నా చెవి పట్టుకున్నాడు.

“ఇంగొకటి ఉండాదా?”

“ఏంది తాతా?”

“చింతకాయరా. ఉప్పుకల్లు కూడా తెచ్చింటే బాగుండు కదా.”

ఆ రోజు నుంచి నేను బడికి పోయే దారి మారిపోయింది.

“నాకు నేర్పు తాతా” అని అడిగాను.

“ఏంది, దూదేకేదా?”

“సన్నాయి.”

ఆయన వింటిని పక్కన పెట్టి నాలుగు వైపులా చూశాడు. “మీ నాయన నా తోలు తీసి డోలుకు బిగిస్తాడు. నువ్వు రెడ్డిగారి బిడ్డవి. పో, పోయి లెక్కలు చేసుకో పో.”

పది రోజులు వెంటపడ్డాను. వేయించిన శెనక్కాయలు, బెల్లం, మా జేజి దాచుకున్న పొగాకులో రెండు కాడలు లంచంగా పెట్టాను. పొగాకు దగ్గర ఆయన మెత్తబడ్డాడు. ఆముదపు ఆకు తుంచి, దాని బోలు కాడను నా చేతికిచ్చాడు.

“దీన్ని నీళ్లలో పెట్టి ఊదు. ముక్కుతో గాలి పీల్చుకుంటానే నోటితో వదలాల. బుడగలు ఆగకూడదు. బుడగ ఆగిందా, నువ్వు సచ్చినట్టే లెక్క. నూరు లెక్కపెట్టేదాకా ఆగకుండా వచ్చిన నాడు రా, అప్పుడు మాట్లాడుకుందాం.”

మేళంలో సన్నాయి పక్కన సుతి అని మరొకటి ఉంటుంది. పాట పాడదు, ఒకే స్వరాన్ని గంటల తరబడి తెగకుండా పట్టుకుని ఉంటుంది. నేర్చుకోవాలనుకున్నవాడు ముందు అది పట్టాలి. దానికి ఈ ఊపిరి కావాలి.

నేను మా బర్రె నీళ్లు తాగే తొట్టిలో సాధన మొదలుపెట్టాను. మొదట బర్రె బెదిరింది. తర్వాత అలవాటు పడింది. నెల తిరిగేసరికి బుడగలు లేని నీళ్లు ముట్టడం మానేసింది. నేను బడికి పోయిన రోజుల్లో తొట్టి ముందు నిలబడి, మూతి తిప్పుకుని, అరిచేది. దానికి దిష్టి తగిలిందని అమ్మ ఎర్రనీళ్లు తిప్పిపోసింది. బుడగల నీళ్లు తాగిన రోజుల్లో పాలు కుంచెడు ఎక్కువ ఇచ్చేది. నమ్మకపోతే మానండి, నేను పళ్ల మీద ఒట్టు వేసి ఉన్నాను.

నూరు లెక్కపెట్టే రోజు వచ్చింది. తాత ఇంట్లో, సందు వైపున్న వెనక అరలో, ఆయన కొడుకు పట్టే సుతి సన్నాయి నా చేతికి వచ్చింది. మొదటిసారి ఊదితే మేకపిల్ల గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు మోగింది. ఇరవయ్యోసారి నిలిచింది. ఆ సన్నని స్వరం ఎక్కడా తెగకుండా నా పక్కటెముకల్లో నుంచి బయటికి పోతుంటే, దాని మీద తాత తన సన్నాయి ఎత్తాడు. నేల మీద ముగ్గు వేసినట్టు నా స్వరం మీద ఆయన పాట వేశాడు. ఇక నాకు సేద్యం లేదు, చదువు లేదు, పెద్దయ్యాక ఏం చేస్తావని అడిగితే ఇంకో జవాబు లేదు.

మా చిన్నాయన ఆ సందులో ఏం పని మీద వచ్చాడో నేను చెప్పను. ఆ సందు చివర సారా దొరికేది, అంతవరకు చెబుతాను. బుగ్గలు బూరెల్లాగా ఉబ్బి ఉన్న నన్ను కిటికీలోంచి చూశాడు.

సాయంత్రం మా పంచలో పెద్దవాళ్లు నలుగురు చేరారు. మా నాయన స్తంభానికి ఆనుకుని తల వంచుకుని కూర్చున్నాడు. చిన్నాయన నవ్వుతూ మొదలుపెట్టాడు.

“ఏమప్పా, బాగుండాది! రేపు మన ఇండ్లలో పెండ్లికి బయటోళ్లను పిలిచే పనే లేదు. మనోడే ఊదుతాడు. ఊది, కొట్టంలో కూర్చుని తింటాడు. ఆకులు కూడా మిగుల్తాయి.”

“పోనీ అని వదిలితే రేపు గడ్డాలు గీసేది నేర్చుకుంటానంటాడు” అన్నాడు ఒకాయన.

“వాని ఎంగిలి పీక నోట్లో పెట్టుకున్న్యాడంట. ఇంగ వీనికి పిల్లనిచ్చేదెవరు?” అన్నాడు ఇంకొకాయన.

ఇదీ న్యాయం. సందు చివర మా చిన్నాయన పక్కనే కూర్చుని, ఎవరు తాగిన గ్లాసో చూసుకోకుండా సారా నోట్లో పోసుకునేవాడు ఎంగిలి గురించి తీర్పు చెప్పాడు. దాయాదుల గడ్డివామికి నిప్పు పెట్టినవాడు వంశమర్యాద గురించి చెప్పాడు. ఊళ్లో ఒక ఇంట్లోనైనా ఆ సన్నాయి మోగకుండా తాళి కట్టారా? అది మోగించే నోరు మాత్రం మురికి, వినే చెవులు శుద్ధి! నేను ఇది అప్పుడే అడగాల్సింది. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు, పైగా నాయన చేతిలో ముల్లుగర్ర ఉండింది.

నాయన తాతను పిలిపించాడు. ఆయన వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు.

“ఇంగొకసారి మావాడు నీ గడపలో కనిపిస్తే నువ్వు ఈ ఊర్లో ఉండవు.”

“అట్లేలే రెడ్డీ” అన్నాడు తాత. నా వైపు చూడలేదు. చూడకపోవడమే మేలయింది.

నాయన నా జేబులోంచి ఆముదపు కాడ తీసి పొయ్యిలో పడేశాడు. మా అక్కకు అప్పటికే పెండ్లి కుదిరి ఉంది; ఆ పెండ్లి అయిన మరునాడే నన్ను బద్వేలులో మా మామ ధాన్యం అంగడిలో వదలాలని తీర్మానం చేశారు. అక్కడ సన్నాయి లేదు, తాత లేడు. మూటలు కుట్టే దబ్బనం మాత్రం ఉంటుంది. నాకు మిగిలింది ఇరవై రోజులు.

జేజి మాత్రం ఆ రోజు చీకటి పడ్డాక నా పక్కన కూర్చుని, నోట్లో ఆకు నములుతూ, “బాగా నిలిచిందా గాలి?” అని అడిగింది. నిలిచిందన్నాను. “మీ నాయన పెండ్లికి ఈయప్ప వాళ్ల నాయన ఊదె. ఆ పొద్దు నేను వడ్డించేది మరిచిపోయి నిలబడిపోతి” అంది. అంత మాట అన్నదే, మరునాడు మళ్లీ చెంబెత్తి తాత దోసిట్లోకి పైనుంచే నీళ్లు వంచింది. మా జేజి మీద నాకు ప్రేమ, ఆ చెంబు మీద కోపం. రెండూ ఇప్పటికీ విడివిడిగా ఉన్నాయి.

పెండ్లి రోజు వచ్చింది. పెండ్లివారు కమలాపురం వైపు నుంచి పదకొండు బండ్లు కట్టుకుని వచ్చారు. పందిట్లో బేతంచెర్ల బండలు కడిగి ముగ్గులు వేశారు. పొయ్యిల దగ్గర ఓళిగలు, అదే మీ బొబ్బట్లు, కాల్చే నేతి వాసన ఊరి పొలిమేర దాకా పోయింది; పక్క ఊరి కుక్కలు పదిహేడు వచ్చి వరసగా కూర్చున్నాయి, నేనే లెక్కపెట్టాను. తాత ఊదాడు. నేను దూరంగా స్తంభం చాటున నిలబడి, ఆయన ఊపిరితోపాటు ముక్కుతో గాలి పీల్చాను. తాళి కట్టేటప్పుడు పెండ్లికొడుకు తండ్రి, పేరుమోసిన మొండివాడు, పైపంచెతో కండ్లు తుడుచుకున్నాడు.

భోజనాలు మొదలయ్యాయి. మొదటి బంతి పెండ్లివారికి. రెండో బంతి మా వాళ్లకు. మూడో బంతి ఊరికి. మేళమోళ్లను కొట్టంలో కూర్చోమన్నారు. వాళ్లు పొద్దుటి నుంచి ఊదిన బుగ్గలతో, పేడ తీసిన నేల మీద గోనెసంచులు పరుచుకుని కూర్చున్నారు. బర్రె వాళ్లను చూస్తూ నెమరు వేస్తోంది. కొట్టంలో తినేది అదొక్కటే.

మా ఇండ్లలో బువ్వం అని ఒక ఆచారం. పెండ్లికొడుకు, పెండ్లికూతురు, రెండు వైపుల దగ్గరివాళ్లు ఒకే పెద్ద పళ్లెం చుట్టూ చేరి, ఒకే అన్నపురాశిని పప్పూ నెయ్యీ పోసి కలుపుకుని తింటారు. ఆ మొదటి ముద్ద పెండ్లికూతురు తోడబుట్టినవాడు కలిపి పెట్టాలి. అతను చెయ్యి పెట్టనిదే ఎవరూ ముట్టరు. బువ్వం కాకుండా పెండ్లికూతుర్ని బండి ఎక్కించరు. మా అక్కకు తోడబుట్టినవాణ్ని నేనొక్కణ్నే.

నేను పోయి కొట్టంలో తాత పక్కన గోనెసంచి మీద కూర్చున్నాను.

“ఏందిరా ఇది? లెయ్” అన్నాడు తాత, గొంతు తగ్గించి.

“లెయ్యను.”

“నీకు దెబ్బలు పడతాయి, నాకు ఊరు పోతాది. లెయ్ సామీ, నీకు దండం పెడతా.”

నేను స్తంభాన్ని రెండు చేతులా కావలించుకున్నాను. పందిట్లో నన్ను వెతకడం మొదలైంది. చిన్నాయన కనిపెట్టి పరుగెత్తుకొచ్చాడు.

“ఈడుండావా! లేచి రారా, బువ్వం చల్లారిపోతాండాది!”

“సన్నాయి నేర్చుకోనిస్తామంటే వస్తా. బద్వేలుకు పోను.”

“యాలరా, మా తల తీసేదానికే పుట్టినావా?” అని నా కాళ్లు పట్టి లాగాడు. స్తంభం కదిలింది, నేను కదలలేదు. కొట్టం పైకప్పు నుంచి గడ్డి రాలి ఆయన తలమీద పడింది. ఇంతలో పెండ్లివారి పెద్దమనిషి ఒకడు వచ్చి, “ఏమప్పా, మీ పిల్లోడు ఈడ ఎవరితో కూర్చున్న్యాడు? మాది మర్యాద ఉండే ఇల్లు. తొందరగా తేల్చండి, బండ్లు కట్టాల” అన్నాడు. మర్యాద ఉండే ఆ ఇంటివాడు పొద్దున ఆ సన్నాయికే తల ఊపాడు, నేను చూశాను.

చివరికి నాయన వచ్చాడు. వెనకే జేజి.

నాయన నన్నే చూశాడు. తాత లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. పందిట్లో అక్క ఆకలితో కూర్చుని ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, నాయనకూ తెలుసు. జేజి ఆకు పక్కకు ఉమ్మేసి అంది: “ఏమిరా, ఇంకెంతసేపు? వాడు ఊదితే మన ఇల్లేమీ కూలిపోదు. పిల్ల ఆకలితో సొమ్మసిల్లితే పెండ్లి కూలిపోతాది. ఊ అను.”

నాయన పళ్లు కొరికాడు. “నేర్చుకో” అన్నాడు. “నేర్చుకుని నాశనమైపో. నా ఎదురుగా ఊదొద్దు.”

నేను లేవలేదు. “తాత కూడా రావాల” అన్నాను. “తాత ఆకు ముందు కూర్చుని తిన్నాకే నేను బువ్వంలో చెయ్యి పెడతా.”

కొట్టంలో బర్రె కూడా నెమరు ఆపింది. నాయన నన్ను చూశాడు, తాతను చూశాడు. తర్వాత తనే వంగి, తాత చెయ్యి పట్టుకున్నాడు. పందిట్లోకి తీసుకుపోయి, బేతంచెర్ల బండల మీద, అందరి నడుమ, పచ్చని అరిటాకు ముందు కూర్చోబెట్టాడు. తన చేత్తో ఓళిగ వేసి దాని మీద నెయ్యి వంచాడు. పెండ్లివారు నోళ్లు తెరిచి నిలబడిపోయారు. తాత మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాక నేను పోయి బువ్వం కలిపాను.

అట్లా నేను సన్నాయి ఊదేవాణ్నయ్యాను. నాకు పిల్లనిచ్చారు కూడా, ఆ సంగతి నలుగురు పెద్దల్లో ఇద్దరు బతికి ఉండి చూశారు. నాయన అన్న మాట తప్పలేదు, చివరిదాకా ఎదురుగా కూర్చుని వినలేదు. గోడ అవతల నిలబడి వినేవాడని అమ్మ చెప్పేది. ఇప్పుడు ఆ కొట్టం లేదు, ఆ సందు లేదు, పత్తి ఏకే విల్లు చూద్దామన్నా దొరకదు. చివరి బంతి మాత్రం ఉంది. దానికి చెద పట్టదు, వాన తగలదు.

ఒట్టు వేశాను కాబట్టి, పళ్లు ఇంకా కొంతకాలం కావాలి కాబట్టి, ఒకటి ఒప్పుకుంటాను. ఇందులో మీరు అబద్ధమనుకున్నవి ఎన్నో ఉంటాయి. వాటిని అట్లాగే ఉంచుకోండి. నేను కల్పించింది ఒక్కచోటే. నాయన “నేర్చుకో” అన్నదాకా నిజం. ఆ మాట చెవిన పడగానే నేను స్తంభం వదిలేసి ఎగిరి గంతేసి పందిట్లోకి పరుగెత్తాను. వెనక్కి తిరిగి చూడలేదు. మొదటి ముద్ద కలిపాను, రెండు చేతులా తిన్నాను, ఓళిగలు ఐదు తిన్నాను. తాతకు కొట్టంలోనే పెట్టారు, అన్ని బంతులూ అయ్యాక. అప్పటికి ఓళిగలు అయిపోయాయని, చల్లారిన అన్నం, అడుగు పప్పు పెట్టారని సాయంత్రం వడ్డించినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను.

మరునాడు పొద్దున్నే, భయం లేకుండా, ముందు గుమ్మంలోంచే ఆయన ఇంటికి పోయాను.

“బువ్వం కడుపునిండా తింటివా?” అని అడిగాడు.

“తిన్నా తాతా.”

“అట్లయితే గాలి నిలుస్తాది. కూర్చో. సుతి పట్టు.”

అంతే. ఆ తర్వాత తొమ్మిదేండ్లు నేర్పాడు. కొట్టం మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తి నన్ను తిట్టి ఉంటే, ఈ అబద్ధం నాకు అవసరమయ్యేది కాదు.